మావాడికి కారు నేర్పిన మేడమ్ గారు: 58 క్లాసుల తర్వాత ఒక తండ్రి రివ్యూ

నేను 31 ఏళ్ళు ఆర్టీసీలో బస్సు నడిపాను. ఎక్కువ కాలం విజయవాడ–బందరు సర్వీసు. 2021లో రిటైరయ్యాను. దేవుడి దయ వల్ల నా చేతి కింద ఒక్క ప్రాణం పోలేదు. డిపోకి కొత్తగా వచ్చిన డ్రైవర్లని కొన్నాళ్ళు నా పక్కన కూర్చోబెట్టి రూటు చూపించమనేవాళ్ళు. ఇంత అనుభవం ఉండి కూడా సొంత కొడుక్కి కారు నేర్పలేకపోయాను. నేర్పింది ఇంకొకావిడ. మావాడిలా ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఎక్కడ కనపడినా ఈ విషయమే అడుగుతున్నారు కాబట్టి అంతా ఒకచోట రాస్తున్నాను.

ఆవిడ పేరు, ఫోన్ నంబరు రాయొద్దన్నారు. బోర్డు కూడా లేదు. పెనమలూరు వైపు ఒక మామూలు డ్రైవింగ్ స్కూల్ లైసెన్సు కిందే, వాళ్ళ బండితోనే క్లాసులు చెప్తారు, కాకపోతే ఆవిడ క్లాసులు వేరు. అంతకుముందు 12 ఏళ్ళు స్పెషల్ పిల్లలకి టీచరుగా చేశారు. కానూరు, పోరంకి చుట్టుపక్కల థెరపీ సెంటర్లలో అడిగితే మేడమ్ ఎవరో చెప్తారు.

మావాడికి 24 ఏళ్ళు. ఆటిజం. బీకాం చదివి ఒక ఆడిటర్ గారి ఆఫీసులో జీఎస్టీ లెక్కలు చూస్తాడు. పనిలో తప్పు పట్టడానికి ఉండదు. ఇబ్బందల్లా ఆఫీసుకి వెళ్ళడమే. షేర్ ఆటోలో పక్కమనిషి భుజం తగిలితే వాడికి ఆ రోజంతా పోయినట్టే. బస్సులో తోపులాట అంతకన్నా కష్టం. ఏడాది పాటు నేనే బండి మీద దింపి, సాయంత్రం తీసుకొచ్చేవాణ్ణి. నాకు 64 వచ్చాయి. నేను లేకపోతే వాడు ఆఫీసుకి ఎలా వెళ్తాడని వాళ్ళమ్మకి రోజూ టెన్షన్. కారు నేర్చుకుంటానని వాడే అన్నాడు.

మొదట ఊళ్ళో ఒక డ్రైవింగ్ స్కూల్లో చేర్పించాను. అందరిలాగే 5,500 కట్టాను. నేర్పే కుర్రాడు ఒక చేత్తో ఫోను మాట్లాడుతూ రెండో చెయ్యి స్టీరింగ్ మీద పెట్టి ఉంచేవాడు. బ్రేకు, క్లచ్చు తన వైపు పెడళ్ళతో తనే తొక్కేవాడు. మావాడు పదిహేను రోజులు సీట్లో కూర్చున్నాడు గానీ ఒక్కరోజు కూడా బండి వాడి చేతుల్లో లేదు. పదహారో రోజు ఆ కుర్రాడు విసుక్కుని చెవి దగ్గర అరిచాడట. మావాడు బండి దిగి, ఇంటిదాకా నడిచి వచ్చేశాడు.

సరే, నేనే నేర్పుతానన్నాను. ఆదివారం పొద్దున్నే బ్యారేజీ దాటించి అమరావతి సీడ్ యాక్సెస్ రోడ్డుకి తీసుకెళ్ళాను. వెడల్పాటి రోడ్డు, ఆ వేళకి పెద్దగా బళ్ళుండవు. అరగంట బాగానే నడిపాడు. ఒక మలుపు దగ్గర తిప్పాడు, బాగానే తిరిగింది. "ఇంక స్టీరింగ్ వదులు" అన్నాను. మా డ్రైవర్ల భాషలో మలుపు తిరిగాక స్టీరింగ్ వదలడమంటే పట్టు సడలించి అరచేతుల్లోంచి జారనివ్వడం. అప్పుడు చక్రాలు వాటంతటవే నిటారుకొస్తాయి. మావాడు రెండు చేతులూ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. బండి డివైడరు మీదకి పోతోంది. నేను ఒంగి స్టీరింగ్ లాగాను, హ్యాండ్‌బ్రేక్ వేశాను. గట్టిగా అరిచాను కూడా. వాడు నా వైపు చూడకుండా, "నువ్వే కదా నాన్నా వదలమన్నావు" అన్నాడు.

వాడు చెప్పింది నిజమే. నేను అన్నమాట వాడు అక్షరాలా చేశాడు. ఆ తర్వాత నాలుగు నెలలు కారు తాళాల వైపు చూడలేదు.

మేడమ్ గారి దగ్గరికి అలా వెళ్ళాం. మొదటిరోజు ఆవిడ నాతో ఐదు నిమిషాలు కూడా మాట్లాడలేదు. వాడితోనే మాట్లాడారు. ఏ చప్పుడు భరించలేవు? సైకిల్ తొక్కుతావా? రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతావు? ఏం మందులు వాడుతున్నావు? ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా? అన్నీ నోట్‌బుక్కులో రాసుకున్నారు. ఫిట్స్ సంగతి రెండుసార్లు అడిగారు. లైసెన్సుకి అప్లై చేసేటప్పుడు ఫారం 1 అని ఒకటి ఉంటుంది, మన ఆరోగ్యం గురించి మనమే రాసిచ్చేది. మూర్ఛ ఉందా అని అందులో సూటిగా అడుగుతారు. నువ్వు నడిపితే జనానికి ప్రమాదం కలిగించే జబ్బు గానీ వైకల్యం గానీ ఇంకేమైనా ఉందా అనీ అడుగుతారు. ఆటిజం అన్న మాట అందులో ఎక్కడా లేదు. మావాడు ఆ ప్రశ్న దగ్గర రెండు రోజులు ఆగిపోయాడు, ఏం రాస్తే అబద్ధం కాకుండా ఉంటుందా అని. మేడమ్ గారు వాణ్ణి చూసే డాక్టరు గారి దగ్గరికే పంపించి, డ్రైవింగ్ నేర్చుకోవడానికి అడ్డేమీ లేదని ఉత్తరం రాయించుకు రమ్మన్నారు. ఆ కాగితం తర్వాత మాకు చాలా పనికొచ్చింది. ఇంకో కుటుంబం వాళ్ళబ్బాయికి ఫిట్స్ అదుపులో లేకపోయినా నేర్పమని బతిమాలితే ఆవిడ ఒప్పుకోలేదు. డబ్బు కోసం చేసే మనిషైతే అంత గట్టిగా కాదని ఉండేది కాదు.

మొదటి మూడు క్లాసులు బండి కదల్లేదు. నాకు చిరాకేసింది, ఉన్నమాట చెప్పాలి. 45 నిమిషాల క్లాసుకి 600 తీసుకుని సీట్లో ఊరికే కూర్చోబెడతారేంటి అనుకున్నాను. ఆ మూడు రోజులూ వాడు ఏసీ ఫ్యాను శబ్దం, ఇండికేటర్ టిక్ టిక్, బెల్టు పెట్టుకోకపోతే వచ్చే మోత, వైపర్లు అద్దం మీద గీసుకునే చప్పుడు ఒక్కొక్కటే వేసుకుని, ఆపుకుని, అలవాటు చేసుకున్నాడు. వైపరు చప్పుడు వాడికి పళ్ళు జివ్వుమనిపించేదట. పాతికేళ్ళుగా నాతో ఉన్నవాడు నాకెప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆ మూడు రోజుల్లోనే మాటల పుస్తకం మొదలైంది. వంద పేజీల నోట్‌బుక్కు. బండిలో ఏ మాటకి ఏ అర్థమో అందులో రాసుకున్నారు. ఆ మాట తప్ప ఇంకో మాట వాడకూడదు. "జాగ్రత్త" అనకూడదు, ఎందుకంటే జాగ్రత్త అంటే కాలు ఏ పెడల్ మీద పెట్టాలో తెలియదు. "కొంచెం" అనకూడదు. "అక్కడ" అనకూడదు. ఎడమకి తిరగాలంటే "నీలం బోర్డు దాటాక వచ్చే మొదటి ఎడమ సందు" అని ముందుగా చెప్పాలి. "స్టీరింగ్ వదులు" తీసేసి "చేతులు స్టీరింగ్ మీదే ఉంచి పట్టు తగ్గించు" అని రాశారు. ఆ వాక్యం కింద మావాడు పెన్నుతో రెండు గీతలు గీశాడు. అలసిపోయినా, తల దిమ్మెక్కినా చెప్పడానికి కూడా ఒక మాట కావాలి కదా. "బ్రేక్ కావాలి" అనుకుందామంటే అది బ్రేకు తొక్కడంతో కలిసిపోతుంది. అందుకని "టీ" అని పెట్టుకున్నారు. వాడు "టీ" అన్నాడంటే ఇండికేటర్ వేసి, ఎడమ పక్కకి తీసి ఆపి, నాలుగు లైట్లూ వెలిగించుకుని ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. ఎందుకు ఆపావని అడగకూడదు.

బండి వ్యాగన్ఆర్, ఆటోమేటిక్ గేరుది, పక్క సీటు దగ్గర కూడా బ్రేకు ఉంది. గేర్లు లేని బండి నడిపితే అది డ్రైవింగేనా అని నా మనసులో ఉండేది. ఇప్పుడు లేదు. క్లచ్చు ఎక్కడిదాకా వదలాలి, ఏ గేరు వెయ్యాలి అన్న లెక్క నడుస్తుంటే మావాడి బుర్రలో రోడ్డుకి చోటుండేది కాదు. ఆ లెక్క బండి చూసుకుంటుంటే వాడి కళ్ళు రోడ్డు మీదకి వచ్చాయి. గేరు మారేటప్పుడు వచ్చే చిన్న కుదుపు మాత్రం మొదట్లో ఇబ్బంది పెట్టింది. ఎంత స్పీడులో వస్తుందో ముందే తెలిశాక సర్దుకున్నాడు.

తర్వాత హారన్. మన ఊళ్ళో హారన్ లేకుండా రోడ్డు లేదు. వెనక నుంచి గట్టిగా కొడితే మావాడు చెవులు మూసుకునేవాడు, అంటే చేతులు స్టీరింగ్ మీద ఉండవు. చెవుల్లో దూది పెట్టుకుంటే సరిపోతుంది కదా అన్నాను. అంబులెన్సు వస్తే ఎలా వినపడుతుంది బాబాయిగారూ అన్నారు ఆవిడ. ముందు వాడి బండి హారన్ వాడి చేతే కొట్టించారు, యాభైసార్లు. తర్వాత వెనక ఇంకో బండి పెట్టించి, "ఎనిమిది లెక్కపెట్టాక కొడతారు" అని చెప్పి కొట్టించారు. వాడూ బండిలో లెక్కపెట్టుకుంటూ ఉండేవాడు. వారం తర్వాత ఆరుకో పదకొండుకో కొట్టించారు. చివరికి చెప్పకుండా కొట్టించారు. ఆ వెనక బండి నడిపింది నేనే. మొదటి ఇరవై క్లాసులు నన్ను వాడి కారులో ఎక్కనివ్వలేదు, ఇచ్చిన పని ఇదొక్కటే. అద్దంలోంచి వాడి భుజాలు కనపడేవి. మొదట్లో హారన్ కొట్టగానే చెవుల దాకా లేచేవి. పన్నెండో క్లాసుకి కాబోలు, కొట్టాక కూడా అలాగే ఉన్నాయి. నేను ఇంకోసారి కొట్టాను, నమ్మకం కుదరక.

ఇరవై ఒకటో క్లాసు రోజు మేడమ్ గారు నన్ను డ్రైవరు సీట్లో కూర్చోమన్నారు. వాడు పక్కన, ఆవిడ వెనక. "మీరు నడపండి బాబాయిగారూ. నడుపుతూ మీ కళ్ళు ఎక్కడికి పోతున్నాయో పైకి చెప్పండి" అన్నారు. బందరు రోడ్డు మీద బయల్దేరాను. ఎదురుగా ఒక ఆటో వస్తోంది. "వాడు మనకి అడ్డంగా తిప్పుతాడు" అన్నాను. తిప్పాడు. ఎలా తెలిసిందన్నారు. తెలిసిపోతుందమ్మా అన్నాను. "అలా కాదు, ఏం చూశారు?" అని మళ్ళీ అడిగారు. చెప్పలేకపోయాను. ఇంకో ఆటో వచ్చింది, మళ్ళీ అడిగారు. మూడో ఆటో దగ్గర నా కన్ను నాకు దొరికింది. నేను ఆటోవాడి మొహం చూడటం లేదు, ముందు చక్రం చూస్తున్నాను. ఆటో తిరగకముందే ఆ ఒంటి చక్రం ఒక పక్కకి ఒరుగుతుంది. 31 ఏళ్ళుగా చూస్తూ ఉన్నాను, ఒక్కసారి కూడా నోటితో అనుకోలేదు.

వాడు అప్పటికే పుస్తకం తీసి రాసుకుంటున్నాడు. "ఎదురు ఆటో: ముందు చక్రం." ఆ రోజంతా నా కళ్ళ వెంట వాడు పడ్డాడు. ముందు వెళ్ళే ఆటో ఆగుతుందని నాకెలా తెలుస్తుంది? రోడ్డు పక్కన చెయ్యెత్తి నిలబడ్డ మనిషిని చూసి. ఆగి ఉన్న కారు కదులుతుందని? దాని ముందు చక్రం, లోపల తల ఉందా లేదా. రోడ్డు దాటబోయే ముసలావిడ? పాదాలు ఎటు తిరిగి ఉన్నాయో. ఒక గేదె దాటితే రెండోది ఉందా అని వెనక చూస్తాం. బంతి వస్తే వెనక పిల్లాడు వస్తాడు. మావాడికి ఎదుటి మనిషి మొహం చూసి మనసులో ఏముందో ఊహించడం చిన్నప్పటి నుంచీ కష్టం. రోడ్డు మీద మేమంతా ఊహిస్తున్నామనుకున్నది చాలావరకు చక్రాలు, పాదాలు, తలలేనని ఆ రోజు తెలిసింది. అవి వాడు మాకన్నా బాగా చూడగలడు. అప్పటి నుంచి నడిపేటప్పుడు చిన్న గొంతుతో చెప్పుకుంటూ నడుపుతాడు: "ఎడమ, స్కూటర్, తల ఇటు తిరిగింది. ముందు, లారీ, ఎర్ర లైటు." ఇప్పటికీ చెప్పుకుంటాడు. చెప్పుకోనివ్వండి.

ఇంకో పెద్ద చిక్కు రూల్సు. ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవాళ్ళకిచ్చే లైసెన్సు) పరీక్షలో వాడికి ఒక్కటీ తప్పు పోలేదు. రూల్సన్నీ వచ్చినవాడికి రాంగ్ రూట్లో వచ్చే బైకు చూస్తే కోపం వచ్చేది. "ఇది నా దారి" అని బ్రేకు వేసేవాడు కాదు. ఇది నిజంగా భయపడాల్సిన సంగతి. మేడమ్ గారు దానికి వాదించలేదు. రూలు తప్పేవాళ్ళ పట్టిక ఒకటి వాడి చేతే రాయించారు. రాంగ్ రూట్ బైకు, వెనక లైటు లేని ట్రాక్టరు, ఇండికేటరు లేకుండా తిరిగే ఆటో, ఫోను చూస్తూ దాటే మనిషి, వరిగడ్డి వేసుకుని రోడ్డంతా ఆక్రమించిన బండి. ఒక్కోదాని ఎదురుగా మనం ఏం చెయ్యాలో రాశారు. అన్నిటికీ మొదటి పని ఒకటే, కాలు బ్రేకు మీదకి. పట్టికలోకి ఎక్కాక అది వాడికి అన్యాయం కాదు, అదీ ఒక రూలే. కొత్తరకం మనిషి కనపడితే ఇంటికొచ్చి పట్టికలో చేరుస్తాడు. ఇప్పటికి 47 రకాలు రాశాడు.

కుడి మలుపు దగ్గర మాత్రం అందరం అలసిపోయాం. మా పెద్దమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. తమ్ముడు నేర్చుకుంటున్నాడని తెలిసి, అక్కడి పరిశోధనల గురించి ఫోన్లో చదివి వినిపించేది. ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రి వాళ్ళు న్యూజెర్సీ లైసెన్సు రికార్డులు పట్టుకుని ఏళ్ళ తరబడి చూశారట. బుద్ధిమాంద్యం లేని ఆటిజం పిల్లల్లో అక్కడ మూడోవంతు మంది లైసెన్సు తెచ్చుకున్నారని, మిగతా పిల్లల్లో నూటికి 83 మంది తెచ్చుకున్నారని 2017లో చెప్పారు. 2021లో ఇంకోటి వచ్చింది. లైసెన్సు తెచ్చుకున్న ఆటిజం కుర్రాళ్ళకి యాక్సిడెంట్లు మిగతా కుర్రాళ్ళకన్నా ఎక్కువేం కాలేదని, స్పీడు వల్ల జరిగేవైతే బాగా తక్కువని. కానీ ఎడమకి తిరిగేటప్పుడు, యూ టర్న్ తీసుకునేటప్పుడు జరిగేవి వీళ్ళకి ఎక్కువట. వాళ్ళు రోడ్డుకి కుడివైపు నడుపుతారు. ఎదురొచ్చే బళ్ళని దాటుకుని తిరిగేది వాళ్ళకి ఎడమ మలుపు, మనకి కుడి మలుపు. అమ్మాయి అది చదువుతుంటే బందరు రోడ్డు మీద డివైడరు సందులో మావాడు ఆరు నిమిషాలు కదలకుండా ఉండిపోయిన రోజు గుర్తొచ్చింది. కనుచూపు మేర ఒక్క బండీ ఉండకూడదు వాడికి. అలాంటి వేళ ఆ రోడ్డు మీద అర్ధరాత్రి కూడా దొరకదు.

మేడమ్ గారు ఒక్కో మలుపు దగ్గరా రెండు కరెంటు స్తంభాలు గుర్తు పెట్టించారు. ఎదురొచ్చే ఆటో, బస్సు దగ్గరి స్తంభానికి అవతలే ఉంటే తిరగొచ్చు. కారు, బైకు అయితే దూరం స్తంభానికి అవతల ఉండాలి. ముందు నాలుగు క్లాసులు తిరగకుండా పక్కన ఆపుకుని, "ఇప్పుడు వెళ్ళొచ్చు, ఇప్పుడు వెళ్ళకూడదు" అని చెప్పించడమే. తిప్పడం ఆ తర్వాత. ఏ మలుపైనా మనసుకి నచ్చకపోతే నేరుగా పోయి, ఎడమ సందులు చుట్టి రమ్మన్నారు, నాలుగు రూపాయల పెట్రోలు పోతే పోయిందన్నారు. మావాడు ఆఫీసుకి వేసుకున్న రూటులో ఒక్కటే కుడి మలుపుంది, అది కూడా సిగ్నలున్న చోట. బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ కింద నుంచి వెళ్ళడం మాత్రం 49వ క్లాసు దాకా చేయించలేదు.

పోలీసు ఆపితే ఏం చెయ్యాలో కూడా నేర్పారు. నేను టోపీ పెట్టుకుని పోలీసునయ్యాను. అద్దం దించడం, చేతులు స్టీరింగ్ మీద కనపడేలా ఉంచడం, డిజీలాకర్ తీసి చూపించడం. జేబులో పెట్టుకోవడానికి ఒక కార్డు రాయించారు: "నాకు ఆటిజం ఉంది. నెమ్మదిగా మాట్లాడండి, జవాబు చెప్తాను. మా నాన్న నంబరు ఇది."

టెస్టు మొదటిసారి పోయింది. ఏ ఆఫీసు అన్నది అనవసరం. హెచ్ ట్రాక్ మీదకి వెళ్ళగానే అక్కడున్నాయన బానెట్ మీద అరచేత్తో కొట్టి "కానీ, కానీ" అని అరిచారు. మావాడి కాలు బ్రేకు మీద ఉండిపోయింది. రెండు నిమిషాలు చూసి దిగమన్నారు. ఇంటికొచ్చి అన్నం తినలేదు. మేడమ్ గారు మర్నాడే మా రిటైర్డ్ డ్రైవర్లని ఇద్దర్ని పిలిపించి, ఖాళీ స్థలంలో సున్నంతో హెచ్ గీయించి, వాళ్ళ చేత బానెట్ మీద కొట్టించారు, అరిపించారు. రెండోసారి స్లాట్ రోజున డాక్టరు గారి ఉత్తరం ముందే చూపించాం. ఆ రోజున్న అధికారి చదివి, ఒక్కో మాటా విడివిడిగా చెప్పారు. ఆయనకి నా నమస్కారం. మావాడు పాసయ్యాడు.

ఇప్పుడు ఖర్చు, లోపాలు. 58 క్లాసులు, 34,800 రూపాయలు, దాదాపు తొమ్మిది నెలలు. కేంద్ర నిబంధనల ప్రకారం కారు కోర్సంటే 21 రోజులు, బండి మీద కనీసం 10 గంటలు. మావాడు బండిలో కూర్చున్నది 43 గంటలు దాటింది. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలే చెల్లుతుంది కాబట్టి మధ్యలో మళ్ళీ తీసుకోవాల్సి వచ్చింది. ముందే అనుకుని ఉండండి. ఈ ఖర్చు అందరివల్లా కాదు, ఆ సంగతి ఆవిడకీ తెలుసు. ఇద్దరు ముగ్గురు పిల్లల దగ్గర సగమే తీసుకుంటున్నారని విన్నాను.

ఒక్కటే బండి, ఒక్కరే మనిషి. మేము పేరు రాయించాక రెండున్నర నెలలు ఆగాం. వాన పడితే క్లాసు ఉండదు. నాకు దీని మీద ఆవిడతో గొడవే. మొదటి ముప్పై క్లాసులకి వాన వద్దంటే ఒప్పుకుంటాను, ఆ తర్వాత వానలో నడపకపోతే ఎప్పుడు నేర్చుకుంటాడు? రాత్రి క్లాసులు రెండే పెట్టారు. ఎదుటి లైట్ల వెలుగు కళ్ళలో పడితే మావాడికి చాలా బాధ, అందుకే ఇంకో నాలుగైనా ఉండాల్సింది. హైవే మీద గన్నవరం దాకా ఒక్కసారే తీసుకెళ్ళారు. ఈ మూడూ తర్వాత నేనే చేయించాను, మాటల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని. ఇంకొకటి, క్లాసు ఎలా జరిగిందని అడిగితే ఆవిడ వాట్సాప్‌లో "బాగుంది" అని ఒక్క ముక్క పెడతారు. తల్లిదండ్రులకి ఇంకొంచెం చెప్పాలి. ఇంట్లో ఎదురుచూసే మనుషులుంటారు.

18 నిండనివాళ్ళకి స్టీరింగ్ ఇవ్వరు. పదహారు, పదిహేడేళ్ళ పిల్లలకి నడక క్లాసులు చెప్తారు, నాలుగు రోడ్ల సెంటర్లో నిలబడి చక్రాలు, పాదాలు చదవడం. తర్వాత వెనక సీట్లో కూర్చుని ఇంకొకరు నడుపుతుంటే పైకి చెప్పడం. ఇది నాకు చాలా నచ్చింది. మావాడికి పదహారేళ్ళప్పుడే ఇది దొరికి ఉంటే సగం క్లాసులు తగ్గేవి.

ఏడీహెచ్‌డీ (మనసు ఒకచోట నిలవని ఇబ్బంది) ఉన్న అమ్మాయి ఒకామె మా తర్వాతి క్లాసులో ఉండేది, 22 ఏళ్ళు. ఆమెకి నేర్పే పద్ధతి పూర్తిగా వేరు. మావాడికి తొమ్మిదిసార్లు ఒకే రూటు, ఆమెకి రోజుకో రూటు, లేకపోతే మనసు బండిలో ఉండదు. ఫోను డిక్కీలో పెట్టి తాళం వెయ్యాలి. డాక్టరు రాసిన మందు వేసుకోని పూట క్లాసు లేదు. కొత్తగా లైసెన్సు తీసుకున్న ఏడీహెచ్‌డీ కుర్రాళ్ళకి యాక్సిడెంటు అయ్యే అవకాశం మిగతావాళ్ళకన్నా 36 శాతం ఎక్కువని ఆ ఫిలడెల్ఫియా వాళ్ళే 2017లో చెప్పారని మా అమ్మాయి చదివితే, ఆ పాపకి ఈ కట్టుబాట్లు ఎందుకో అర్థమైంది.

మావాడు డిసెంబరు నుంచి ఒక్కడే ఆఫీసుకి వెళ్తున్నాడు. వెళ్ళగానే "చేరాను" అని మెసేజ్ పెడతాడు. కొన్ని రోజులు "టీ, తర్వాత చేరాను" అని వస్తుంది. మంగళవారాలు వాళ్ళమ్మని గుడికి తీసుకెళ్తాడు. ఆవిడ కారెక్కాక "జాగ్రత్త నాన్నా" అనబోయి ఆపుకుంటుంది.

మేడమ్ గారి దగ్గర పోయిన నెల కొత్తబ్బాయి చేరాడు, 19 ఏళ్ళు. వాడికీ హారన్ అంటే భయం. మంగళ, శుక్రవారాలు పొద్దున ఆరుంపావుకి నేను మా బండి వేసుకుని వాళ్ళ వెనక వెళ్తున్నాను. ప్రస్తుతానికి ఎనిమిది లెక్కపెట్టి కొడుతున్నాను.